రెండు సెక్షన్లూ, మా ఆవిడా

జూలై 4

ఇవాళ హెడ్డు గారు నన్ను రెండుగా కోశారు. కత్తి కూడా లేకుండా, టీ తాగుతూ.

మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్‌లో నూట ఇరవై మంది. సగం మంది గ్యాలరీ సెక్షన్. వాళ్ళకి నేను గ్యాలరీ హాల్లో సుద్దముక్క పట్టుకుని ఇరవై తొమ్మిదేళ్ళుగా చెబుతున్నట్టే చెబుతాను. మిగతా సగం వీడియో సెక్షన్. వాళ్ళు పాఠం ఇంట్లో వీడియోలో చూసి, క్లాసుకొచ్చి గుండ్రటి బల్లల చుట్టూ కూర్చుని లెక్కలు చేస్తారు. ఇంట్లో చెయ్యాల్సింది క్లాసులో, క్లాసులో వినాల్సింది ఇంట్లో. దీన్ని తిరగేసిన తరగతి అంటారట.

"మరి ఆ వీడియోలు ఎవరు చేస్తారు సర్?" అన్నాను.

"మీరే మాస్టారూ. చెప్పే మనిషి మారితే పోలిక చెడిపోదూ? ఆ మాత్రం మీకు నేను చెప్పాలా?"

అంటే నాతో నేనే పోటీ. సెమిస్టర్ చివర సగటు మార్కులు చూస్తారు. వీడియో సెక్షన్ గెలిస్తే గ్యాలరీ బెంచీలు పీకించి ఆఫీసుల్లో ఉండే చక్రాల కుర్చీలు వేయిస్తారు. నన్నేం చేస్తారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ భూమ్మీద నా మాట గంటసేపు వినే చోటు ఆ హాలొక్కటే. అది పోతే నేను జేబులో సుద్దముక్క పెట్టుకుని తిరిగే మనిషిని, అంతే.

ఎవరు ఏ సెక్షనో తేల్చే చీటీలు మాత్రం నేనే తీశాను. నన్ను సాగనంపే ప్రయోగమైనా సరే, పద్ధతిగా జరగాలి.

జూలై 5

వీడియో సెక్షన్‌లో లెక్కలు చేయించే ఆవిడకి స్టాఫ్ రూములో తిరగేసే మేడమ్ అని పేరు పెట్టాం. పెట్టింది నేనే. పదేళ్ళ క్రితం నా గ్యాలరీలోనే నాలుగో వరుసలో కూర్చుని నా దగ్గరే చదువుకుంది. ఇప్పుడు "మీ గొంతు మాకు చాలా అవసరం సర్" అంది. గొంతు చాలట. మనిషి అక్కర్లేదన్న మాట.

జూలై 7

క్లాసు జరుగుతుండగా వడ్రంగి వచ్చి బెంచీలు కొలుచుకున్నాడు. ఇంకా సెమిస్టర్ మొదలై మూడు రోజులు.

జూలై 9

మొదటి వీడియో. అంశం సగటు.

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి. నేను వీడియోలు కావాలని చెడగొట్టడం లేదు. అంత నీచానికి దిగే మనిషిని కాను. నా ప్రాణం మాత్రం అందులో పెట్టను, అంతే. ప్రాణం గ్యాలరీకి, నోట్సు వీడియోకి. అందుకే పాత నోట్సు ముందు పెట్టుకుని, తల ఎత్తకుండా, నిర్వచనాలు వరసగా చదివాను. వెలుతురు బాగుంటుందని వంటింట్లో తీశాం. ఫోను పట్టుకున్నది మా ఆవిడ.

ఆవిడ పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో రిసెప్షనిస్టు. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, చల్లటిది తాగితేనా వేడిది తాగితేనా అని వచ్చినవాళ్ళందరినీ అడగడమే ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. నాలుగో నిమిషంలో ఫోను పట్టుకునే అంది.

"ఆగండి. నాకర్థం కాలేదు."

"నీకర్థం కానక్కర్లేదు. ఫోను కదపకు."

"అది కాదండీ. మా క్లినిక్‌కి సగటున రోజుకి పదిహేడున్నర మంది వస్తారని డాక్టరు గారు అంటారు. ఆ అర మనిషికి నేను టోకెన్ ఎలా ఇవ్వాలి?"

ఒళ్ళు మండింది. నోట్సు మూసేసి, ఆ అర మనిషి ఎక్కడా ఉండడనీ, సగటు అనేది ఎవరి మొహంలోనూ కనబడని మొహమనీ, అందుకే దాన్ని నమ్మేముందు విడి విడి మనుషుల్ని చూడాలనీ పన్నెండు నిమిషాలు కేకలేశాను. వెనకాల వాషింగ్ మెషీన్ గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

జూలై 10

ఆ కేకలు కత్తిరించకుండా వీడియో అలాగే పంపేశాను. ఆవిడ ప్రశ్న, నా చిరాకు, వాషింగ్ మెషీన్, అన్నీ ఉన్నాయి. ఇలాంటిది చూసి ఎవడికి పాఠం వస్తుంది? నేను మాత్రం ఏం కత్తిరించగలను, నాకు ఆ యంత్రాలు తెలియవు.

(తెలుసు. పోయినేడు మా పెళ్ళిరోజు వీడియో నేనే కత్తిరించాను. ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను.)

జూలై 17

రెండో వీడియో, మూడో వీడియో అయ్యాయి. శాంపిల్ గురించి చెబుతుంటే మళ్ళీ "ఆగండి."

"నా రిజిస్టరు చూస్తే ఊళ్ళో అందరికీ పంటినొప్పే అనిపిస్తుంది. నొప్పి లేనివాళ్ళు నా దగ్గరికి రారు కదా? మరి వాళ్ళని ఎవరు లెక్కపెడతారు?"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. జవాబు చెప్పడానికి నేను కుర్చీలోంచి లేచాను. వీడియోలో నా తల కనబడటం లేదు, చొక్కా గుండీలే కనబడుతున్నాయి. మరీ మంచిది. తలలేని మాస్టారి పాఠం ఎవరు చూస్తారు?

జూలై 24

పోలికలో మోసాల గురించి ఐదో వీడియో. ఇవాళ ఆవిడే నాకు లెక్క ఇచ్చింది.

"వాన పడ్డ రోజు మాకు పేషెంట్లు ఎక్కువ. వానకీ పళ్ళకీ ఏంటండీ సంబంధం?"

తేమ, చల్లదనం, నరాలు అంటూ ఏదో అన్నాను. పప్పులో కాలేశాను. ఆవిడ నవ్వింది. ఫోను ఊగింది.

"ఎదురుగా బస్‌స్టాపుకి కప్పు లేదండీ. మా వరండాకి ఉంది. తడవకుండా నించుందామని వచ్చి, ఎలాగూ వచ్చాం కదా అని నోరు తెరుస్తారు."

నేనూ నవ్వాను. చాలాసేపు. అది కూడా వీడియోలోకి ఎక్కింది. ప్రయోగాన్ని కాపాడుకోవడానికి ఇలాంటివి తప్పవు.

ఆగస్టు 2

వరండాలో వీడియో సెక్షన్ పిల్లలు నలుగురు ఆపారు. నా పాఠం గురించి పొగుడుతారేమో అని నిలబడ్డాను.

"సర్, ఆగండాంటీ బాగున్నారా?"

ఆగండాంటీ ఎవరని అడిగాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆవిడకి వాళ్ళు పెట్టిన పేరట. "ఆంటీ ఎక్కడ ఆపుతారో చూడ్డానికే సర్, రెండేసి సార్లు చూస్తాం. మాకు ఎక్కడ అర్థం కాదో సరిగ్గా అక్కడే ఆపుతారు."

ఇంటికెళ్ళి ఆవిడకి చెప్పలేదు. నెత్తికెక్కుతుంది.

ఆగస్టు 5

గ్యాలరీలో బస్‌స్టాపు కథ చెప్పాను. "ఒకానొక క్లినిక్‌లో" అని మొదలుపెట్టాను, ఎవరిదో చెప్పకుండా. సగం వరకు బాగానే వెళ్ళింది. మొదటి బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

"అది ఆగండాంటీ చెప్పింది కదా సర్? మా రూమ్మేట్ వీడియో సెక్షనే. మాకూ ఆంటీని పెట్టొచ్చు కదా?"

హాలంతా బల్లలు చరిచింది. ఆ బెంచీల చప్పుడు నాకోసం మోగి చాలా ఏళ్ళయింది. ఇవాళ మోగింది మా ఆవిడ కోసం. వెనక వరుసలో వడ్రంగి కూడా చరిచాడు. వీడు కొలవడానికి వస్తున్నాడో వినడానికి వస్తున్నాడో తెలియడం లేదు.

ఆగస్టు 11

తిరగేసే మేడమ్‌కి జ్వరం. ఆవిడ బదులు నన్ను వీడియో సెక్షన్‌కి పంపారు. బల్ల మీద ఆవిడ రాసిపెట్టిన సూచనలు: నిలబడకూడదు, బోర్డు మీద రాయకూడదు, జవాబు చెప్పకూడదు. చక్రాల కుర్చీలో బల్ల నుంచి బల్లకి జరుగుతూ "మీరేమనుకుంటున్నారు?" అని మాత్రమే అడగాలి.

జరిగాను. రెండో బల్ల దగ్గర కుర్చీ అదుపు తప్పి తలుపు దాకా వెళ్ళింది. నలుగురు పిల్లలు కలిసి వెనక్కి తోసుకొచ్చారు.

ఒకడు అడిగాడు. "సర్, ఇక్కడ దేంతో భాగించాలి?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"అర్థం కాలేదనుకుంటున్నాను సర్."

"దాని గురించి నువ్వేమనుకుంటున్నావు?"

గంట అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లలు మాత్రం నా అవసరం లేకుండా తమలో తాము వాదించుకుని లెక్క తేల్చేశారు. వాదించేటప్పుడు ప్రతివాడూ "ఆగండి, ఆగండి" అంటున్నాడు. చెయ్యి కూడా మా ఆవిడలాగే అడ్డం పెడుతున్నాడు. వీడియోలో ఆవిడ చెయ్యి కనబడదు కదా, వీళ్ళకెలా తెలిసిందో?

ఆగస్టు 20

మొదటి పరీక్ష, మొదటి ఆరు పాఠాల మీద.

వీడియో సెక్షన్ సగటు 71. గ్యాలరీ సెక్షన్ 52.

స్టాఫ్ రూములో అందరూ నాకు శుభాకాంక్షలు చెప్పారు, వీడియోలో మనిషిని నేనే కదా. కాసేపాగి అందరూ సానుభూతి చెప్పారు, గ్యాలరీలో మనిషినీ నేనే కదా. హెడ్డు గారు రెండూ కలిపి ఒకేసారి చెప్పేసి పనిలో పడ్డారు. వడ్రంగి ముందు వరుస బెంచీల మీద సుద్దతో ఇంటూ గుర్తులు పెట్టాడు. నా సుద్దముక్కే అడిగి తీసుకున్నాడు.

ఆగస్టు 21

ఆవిడతో మాట్లాడాను. చాలా మర్యాదగా చెప్పాను.

"ఇకనుంచి వీడియోలో నువ్వు మాట్లాడకు. ధ్వని నాణ్యత దెబ్బతింటోంది."

"పిల్లలకి ఇబ్బందిగా ఉందన్నారా?"

"అందరూ అంటున్నారు."

"ఏమన్నారు?"

"నీ ప్రశ్నల వల్ల పాఠం తెగిపోతోందట. అడ్డం వస్తున్నావట."

ఆవిడ కాసేపు ఫోను వైపు చూసింది. "సరే," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

ఆగస్టు 24

ఏడో వీడియో. ఒక్క మాట లేదు. ఫోను కదలలేదు. చెప్పాల్సింది పద్దెనిమిది నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో రెండుసార్లు నా అంతట నేనే ఆగాను, ఎందుకాగానో తెలియదు.

ఆగస్టు 27

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఆగస్టు 31

చాలా ప్రశాంతంగా ఉంది.

సెప్టెంబరు 6

ఇవాళ ఒక సంగతి గమనించాను. ఆవిడ కోపంగా లేదు. మామూలుగానే మాట్లాడుతోంది. కానీ ఒక్క ప్రశ్న వేయడం లేదు.

"కాఫీ తాగుతారా?" అనేది. ఇప్పుడు "కాఫీ అక్కడుంది." "ఎన్నింటికొస్తారు?" అనేది. ఇప్పుడు "తాళం పక్కింట్లో ఉంటుంది." పొద్దున నా చొక్కా తిరగేసి తొడుక్కున్నాను. మామూలుగా అయితే "అదేం వేషం?" అనేది. ఇవాళ "చొక్కా తిరగబడింది" అంది, వాతావరణ సూచన చదివినట్టు.

నా పక్షాన చెప్పుకోవాలంటే, నేను వీడియోలో మాట్లాడకు అన్నాను. ఇంట్లో అడగకు అనలేదు. ఆవిడే అతి చేస్తోంది.

సెప్టెంబరు 8

ప్రశ్నలు: 0.

సెప్టెంబరు 9

ప్రశ్నలు: 0. ఫోనులో వాళ్ళ చెల్లెలితో మాట్లాడుతూ ఏడు ప్రశ్నలు వేసింది. తలుపు చాటున నిలబడి లెక్కపెట్టాను. అవి లెక్కలోకి రావు.

సెప్టెంబరు 15

ఇవాళ కావాలనే సగం గడ్డం గీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. ఎడమ చెంప నున్నగా, కుడి చెంప మాసి. ఎవరైనా అడుగుతారు. ఆవిడ నన్ను చూసింది. పెదవులు కదిలాయి.

"నీళ్ళు కాగాయి," అంది.

అలాగే కాలేజీకి వెళ్ళాల్సొచ్చింది, బస్సు టైమైంది. గ్యాలరీలో యాభై ఎనిమిది మంది నా కుడి చెంప చూస్తూ గంటసేపు నోట్సు రాసుకున్నారు. ఒక్కడూ ఏమిటని అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నేను ఈ నిశ్శబ్దాన్ని శ్రద్ధ అనుకున్నాను.

సెప్టెంబరు 23

తిరగేసే మేడమ్ స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికొచ్చింది.

"సర్, ఇంట్లో మేడమ్ గారికి ఒంట్లో బాగాలేదా? పిల్లలు కార్డు రాశారు, త్వరగా కోలుకోవాలని."

అరవై సంతకాలు. వాళ్ళలో ఒకడు పక్కన పన్ను బొమ్మ వేశాడు. దానికి కళ్ళు, కన్నీళ్ళు కూడా పెట్టాడు.

"ధ్వని నాణ్యత కోసం…" అంటూ నీళ్ళు నమిలాను.

"మీ ధ్వని బాగానే ఉంది సర్. కానీ ఏడో పాఠం నుంచి క్లాసులో పిల్లలు బిక్కమొహాలేస్తున్నారు. వీడియో అయితే చూస్తున్నారు. అర్థం కాలేదన్న సంగతి కూడా అర్థం కావట్లేదు వాళ్ళకి."

కార్డు బ్యాగులో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఇవ్వలేదు. ఇస్తే ఆగస్టు 21న నేను చెప్పింది అబద్ధమని తెలిసిపోతుంది. బట్టల బీరువాలో చలికోట్ల కింద పెట్టాను.

సెప్టెంబరు 30

ఆవిడ ప్రశ్న కోసం మొహం వాచిపోయి ఉన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. పన్నెండో వీడియో, చివరిది, ఇవాళ తీశాం. అయిపోయాక నేనే అడిగాను, "ఎలా ఉంది?" అని.

"అయిపోయింది," అంది.

అక్టోబరు 9

రెండో పరీక్ష, చివరి ఆరు పాఠాల మీద. వీడియో సెక్షన్ 49. గ్యాలరీ సెక్షన్ 50.

రెండు పరీక్షలూ కలిపి సగటు తీస్తే వీడియో సెక్షన్ 60, గ్యాలరీ సెక్షన్ 51. హెడ్డు గారికి ఆ రెండు అంకెలు చాలు. "తేలిపోయింది మాస్టారూ, తొమ్మిది మార్కుల తేడా. పద్నాలుగున కాలేజీ కమిటీ ముందు ఒక్కసారి చెప్పేస్తే అయిపోతుంది," అన్నారు. వడ్రంగికి కబురు కూడా వెళ్ళింది.

నేను గదిలో తలుపేసుకుని పాఠాల వారీగా గీత గీశాను. గ్యాలరీ గీత మొదటి నుంచీ చివరి దాకా బల్లపరుపు. వీడియో గీత ఆరు పాఠాల దాకా పైన ఉంది. ఏడో పాఠం దగ్గర మెట్టు దిగినట్టు దిగి గ్యాలరీ గీతలో కలిసిపోయింది. ఏడో పాఠం దగ్గర ఏం జరిగిందో ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

తిరగేసినా, తిరగెయ్యకపోయినా ఒకటే. వీడియో అయినా, గ్యాలరీ అయినా ఒకటే. పైన ఉన్న ఆ ఆరు పాఠాలూ మా ఆవిడవి.

అక్టోబరు 11

నా హాలుని కాపాడగలిగేది ఈ గీత ఒక్కటే. ఇది చూపిస్తే పద్ధతిలో ఏమీ లేదని తేలుతుంది, బెంచీలు మిగులుతాయి. కానీ చూపిస్తే మరి ఏడో పాఠం దగ్గర ఏమైందని అడుగుతారు. నా పాఠానికి ఉన్న పందొమ్మిది మార్కుల బలమంతా పళ్ళ క్లినిక్ రిసెప్షనిస్టుదని చెప్పాలి. ఆవిడ నోరు నేనే మూయించానని కూడా చెప్పాలి.

పేరు పెడితే మర్యాదగా ఉంటుందనిపించింది. 'శ్రోత ప్రభావం'. శ్రోత ఎవరో చెప్పక్కర్లేదు. పొద్దుటి నుంచీ పది సార్లు రాసి చూశాను, గంభీరంగా ఉంది. నేనే కనిపెట్టినట్టు కూడా ఉంది.

అక్టోబరు 14

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కమిటీ గ్యాలరీ హాల్లోనే కూర్చుంది. రెండు సెక్షన్ల పిల్లలూ వచ్చారు. వడ్రంగి పనిముట్ల సంచీతో చివర్లో కూర్చున్నాడు. నేను గీత వేసి చూపించి, శ్రోత ప్రభావం గురించి నలభై నిమిషాలు మాట్లాడాను. పాఠం వినేవాళ్ళు మధ్యలో ఆపి అడగడం ఎంత ముఖ్యమో చెప్పాను. ఆ నలభై నిమిషాల్లో నన్నెవరూ మధ్యలో ఆపి ఏమీ అడగలేదు. హెడ్డు గారు తల ఊపుతూ "శ్రోత ప్రభావం" అని కాగితం మీద రాసుకున్నారు. కమిటీ పెద్దాయన దాన్ని ఇంకా పెద్దదిగా రాసుకున్నారు. బయటపడ్డాననే అనుకున్నాను.

"ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాను, మర్యాద కోసం.

ఆరో వరుసలో ఒక చెయ్యి లేచింది. క్లినిక్ కార్డు ఇంకా మెడలోనే వేలాడుతోంది. పక్కన తిరగేసే మేడమ్. ఆవిడే పిలిచిందట.

"ఆగండి," అంది మా ఆవిడ.

వీడియో సెక్షన్ అరవై మందీ ఒక్కసారి వెనక్కి తిరిగారు. గొంతు విన్నారే తప్ప మనిషిని చూడలేదు వాళ్ళు. ఎవడో "ఆంటీ!" అని అరిచాడు. ఆ తర్వాత ఏమైందంటే, నేను చెప్పకుండా దాటవేసిందంతా నా నోటి వెంట వచ్చేసింది. ఎవరూ అడగలేదు. నేనే చెప్పాను.

"ఆ శ్రోత ఈవిడే. మా ఆవిడ. ఏడో పాఠం నుంచి మాట్లాడొద్దని నేనే చెప్పాను. పిల్లలకి ఇబ్బంది అన్నాను, అది అబద్ధం. నాకు ఇబ్బంది. వీడియో సెక్షన్ గెలుస్తుందని భయపడ్డాను. పిల్లలు నీ కోసం కార్డు రాశారు, అది బీరువాలో ఉంది. తగ్గిన మార్కులన్నీ నీ ప్రశ్నలవే."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను. తుడుచుకోలేదు. గీత వైపు చూస్తోంది. కనుబొమలు దగ్గరకొచ్చాయి.

"అది సరేనండీ. కానీ అలా ఎలా చెప్తారు?"

"ఏది?"

"నా ప్రశ్నలు పోవడం వల్లే తగ్గాయని. ఏడో పాఠం నుంచి నేను మాట్లాడలేదు, నిజమే. మరి మీరు? ఆ రోజు నుంచి మీరూ బాగా చెప్పలేదు. ఫోను నా చేతిలో ఉంది, మీ మొహం నాకే కనబడేది. మొదట్లో కుర్చీలోంచి లేచి చెప్పేవారు. తర్వాత దిగులుగా కూర్చుని చదివేశారు. రెండూ ఒకేసారి మారితే, తగ్గింది నా నోరు మూతబడటం వల్లా, మీ దిగులు వల్లా? వానకీ పంటినొప్పికీ ముడి పెట్టొద్దని ఐదో వీడియోలో చివరికి మీరే కదా ఒప్పుకున్నారు?"

కమిటీ పెద్దాయన నా వైపు చూశారు. హెడ్డు గారు నా వైపు చూశారు. ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఆ పందొమ్మిది మార్కులే. ఎవరూ అడగకముందే వాటిని తనే వద్దని వెనక్కిచ్చేసింది, లెక్క సరిపోలేదని. యాభై నాలుగు రోజుల తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండు సెక్షన్ల ముందూ నేను దిగులుగా ఉన్నానా అని అడిగింది.

"తెలియదు," అన్నాను. "ఈ లెక్కతో అది చెప్పలేం. నాకు తెలియదు."

ముందు ఎవరు చరిచారో చూడలేదు. బెంచీలన్నీ మోగాయి. సుద్దతో వేసిన ఇంటూ గుర్తులు ఆ అదురుకి పొడిలా రాలాయి. వడ్రంగి సంచీ మూసేసి చల్లగా జారుకున్నాడు.

బస్సులో ఇంటికొస్తుంటే ఆవిడ పదకొండు ప్రశ్నలు వేసింది. కార్డు గురించి నాలుగు, నా సగం గడ్డం గురించి ఒకటి, మిగతావి అబద్ధం గురించి. అన్నిటికీ జవాబు చెప్పాను. మూడింటికి తిట్లు తిన్నాను.

అక్టోబరు 21

కమిటీ ఉత్తర్వు వచ్చింది. ప్రయోగంలో రెండు విషయాలు కలిసిపోయాయి కాబట్టి ఏ నిర్ణయమూ తీసుకోలేరట. బెంచీలు ఉంటాయి. వచ్చే సంవత్సరం మళ్ళీ చెయ్యాలి, ఈసారి నాలుగు గ్రూపులతో. ఒక్కో గ్రూపు వీడియోలకి మూడు వారాలు.

పట్టిక కూడా గీసి పంపారు. మొదటి గడి: శ్రోత ప్రశ్నిస్తారు, ఉపాధ్యాయుడు ఉల్లాసంగా ఉంటారు. రెండో గడి: శ్రోత ప్రశ్నిస్తారు, ఉపాధ్యాయుడు దిగులుగా ఉంటారు. మూడో గడి: శ్రోత మౌనం, ఉపాధ్యాయుడు దిగులు. నాలుగో గడి: శ్రోత మౌనం, ఉపాధ్యాయుడు ఉల్లాసం. కింద హెడ్డు గారి చేతిరాత: "ఇంట్లో తగిన సహకారం తీసుకోగలరు."

మా ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రెండుసార్లు చదివింది.

"రెండో గడికి మీరు దిగులు పడాలంటే నేనేం చెయ్యాలి? మా చెల్లెల్ని మూడు వారాలు ఇక్కడ పెట్టమంటారా?"

"పెట్టు, సరిపోతుంది."

"మూడోది చేసేశాం కదా, మళ్ళీ ఎందుకు?"

"పాతది చెల్లదు. అప్పుడు నేను అబద్ధమాడుతున్నాను."

"మరి ఈ నాలుగోది? నేను మూడు వారాలు నోరెత్తకూడదు. మీరేమో సంతోషంగా ఉండాలి. ఉంటారా?"

ఉత్తర్వు కింద 'ఉపాధ్యాయుని అభిప్రాయం' అని రెండు గీతల జాగా వదిలారు. కలం తీసి అక్కడ రాసి, సంతకం పెట్టి, ఆవిడ ముందుకి జరిపాను.

"నాలుగో గడికి డేటా దొరకదు. యాభై నాలుగు రోజులు ప్రయత్నించి చూశాను."